పై మడి మట్టి

ఏం చూశారో చెప్పండి.

కొండలెక్కి, లోయలు దిగి, కాలిబాట పట్టుకుని రోజంతా నడిచి వచ్చారు కదా. చెప్పండి. నది చూశాం, అద్దంలా ఉంది అంటారు. కొండవాలు మీద అంచెలంచెలుగా ద్రాక్షతోటలు చూశాం, దేవుడు కట్టిన మెట్లలా ఉన్నాయి అంటారు. దేవుడు అక్కడ ఒక్క రాయి కూడా ఎత్తలేదు. ఇంకేం చూశారు? గాలి చల్లగా ఉందా? కళ్ళు నిండాయా? సరే, కూర్చోండి.

జర్దాబ్ లోయలో తాహెర్ అనే శిష్యుడు కూడా అంతే చూశాడు. చూసి ఊరుకోలేదు, పదిమందికీ చూపిద్దామని బాట వేశాడు. అక్కడే వచ్చింది చిక్కు.

జర్దాబ్ అంటే పసుపు నీళ్ళు. వాన పడితే ఆ నది పచ్చటి పసుపు కలిపినట్టు పారుతుంది. ఆ రంగు నదిది కాదు. కొండ మీది మళ్ళది.

ఆ కొండంతా ఒట్టి బండ. అక్కడ మట్టి అంటూ ఉంటే అది మనుషులు మోసుకెళ్ళి పోసిందే. రాయి మీద రాయి పేర్చి గట్టు కట్టి, గట్టు వెనక మట్టి నింపి, అందులో తీగ నాటారు. అలా నది ఒడ్డు నుంచి కొండ నెత్తి దాకా మడి మీద మడి. ప్రతి చలికాలం వానకు ఆ మట్టి రాళ్ళ సందుల్లోంచి జారి, పై మడిలోంచి కింది మడికి, అక్కణ్ణుంచి ఇంకా కిందికి దిగి, చివరికి నది ఒడ్డున మేట వేస్తుంది. దాన్ని మళ్ళీ వీపు మీద బుట్టల్లో పైకి మొయ్యాలి. మోశారు. తాతలు మోశారు, తండ్రులు మోశారు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు కూడా మోశారు.

అందుకే ఆ లోయలో ఒక కట్టుబాటు ఉండేది. నది దగ్గర నుంచి పైకి ఎక్కేవాడెవడూ ఖాళీ వీపుతో ఎక్కకూడదు. పెళ్ళికొడుకైనా సరే, శిస్తు అడగడానికొచ్చిన అధికారైనా సరే, కొండ మీద సూఫీ గురువు బాబా రజబ్ దర్శనానికి వచ్చిన యాత్రికుడైనా సరే. మెట్లదారి మొదట్లో బుట్టలు పేర్చి ఉండేవి. ఒకటి భుజాలకు తగిలించుకుని, దోసెడో బుట్టెడో, ఎవరి ఓపిక కొద్దీ వాళ్ళు మట్టి వేసుకుని ఎక్కేవాళ్ళు.

ఎక్కి ఎవరి మడిలో వాళ్ళు పోసుకోవడం కాదు. నది ఒడ్డున అందరి మట్టీ కలిసిపోయాక ఇది నాది, అది నీది అని ఎవడు చెప్పగలడు? అన్నిటికన్నా పైనున్న మడిలో పొయ్యాలి. పైన పోస్తే కిందికి దానంతటదే దిగుతుంది. కింద పోస్తే పైకి దానంతటదే ఎక్కదు. ఇది ఆ లోయలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఆ పై మడి మెహ్రబానో అనే ముసలామెది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ తీగల మీద కాసిన పళ్ళు ఎండబెట్టి అమ్ముకుని బతికేది. ఆమెకున్నది అదొక్కటే.

తాహెర్ పట్నం నుంచి వచ్చినవాడు. రోడ్లు వేసే మేస్త్రీల ఇంట్లో పుట్టాడు. బాబా మాట అంటే చెవి కోసుకునేవాడు. ఆ మాట లోకమంతా వినాలని అతని తపన. కానీ వచ్చిన యాత్రికుల్లో చాలామంది మెట్లదారి మొదట్లో బుట్టలు చూసి, తెల్లబట్టలు చూసుకుని, అటు నుంచి అటే వెళ్ళిపోయేవాళ్ళు. అది చూసి అతని కడుపు మండింది.

"బాబా, మీ మాట కోసం వచ్చినవాళ్ళ చేత గాడిదల్లా మట్టి మోయించడం ఏమిటి? నది మీది వంతెన అవతలి నుంచి నేనొక బాట వేస్తాను. ముసలివాళ్ళు కూడా ఆయాసం లేకుండా ఎక్కి రావచ్చు" అన్నాడు ఒకరోజు.

బాబా ఒకసారి కింద మెట్లదారి వైపు చూశాడు.

"వెయ్యి" అన్నాడు.

తాహెర్ వేశాడు. చేతులు బొబ్బలెక్కేలా వేశాడు. ఆ సంగతి ఒప్పుకోవాలి, పని దొంగ కాడు. నది పక్కనే కొంత దూరం పోయి, వాలు మెత్తగా ఉన్నచోట మలుపు తిరిగి, ద్రాక్షమళ్ళ మధ్య నుంచి పాములా పైకి పాకే బాట అది. ఎక్కడ నిలబడితే లోయ మొత్తం కళ్ళముందు పరుచుకుంటుందో అక్కడ ఒక అరుగు కట్టాడు. ఆ అరుగు దగ్గరికి వచ్చి నోరు తెరవనివాడు లేడు.

జనం వచ్చారు. విరగబడి వచ్చారు. కవులు వచ్చారు, కొత్త దంపతులు వచ్చారు, జబ్బు తగ్గాక గాలి మార్పు కోసం వచ్చినవాళ్ళు వచ్చారు. ఊరివాళ్ళు బాట పక్కన చాపలు పరుచుకుని ఎండుద్రాక్ష, రొట్టె, వేడి పాలు అమ్మడం మొదలుపెట్టారు. పైకి పోవాల్సి వస్తే వాళ్ళూ ఆ బాటనే పోయారు. పక్కన పూలబాట ఉంటే బుట్ట తగిలించుకుని నిట్టనిలువు మెట్లెక్కడం ఎవడికి సరదా? మెట్లదారి మొదట్లో బుట్టలు వానకు నాని, ఎండకు చీలి, పుల్లలు పుల్లలుగా విడిపోయాయి. ఒక్కరూ కావాలని చెయ్యలేదు. అందరూ కలిసి మానేశారంతే.

చలికాలం ముందరి వానలు పట్టుకున్నాయి. ఆకాశం కొండల మీదికి దిగి కదలకుండా కూర్చుంది. ఒకరోజు పొద్దున్నే మెహ్రబానో బాబా ఆశ్రమం ముంగిట్లోకి వచ్చింది. చంకలో ఏదో పట్టుకొచ్చి బాబా ముందు పెట్టింది. ముంజేతి లావున్న ద్రాక్షతీగ. వేళ్ళతో సహా ఉంది. వేళ్ళకు మట్టి లేదు.

"పీకలేదు బాబా. ఊరికే చెయ్యి వేశాను, వచ్చేసింది" అంది.

తాహెర్ పక్కనే ఉన్నాడు. యాత్రికులకు బాట చూపించడానికి బయల్దేరబోతున్నాడు. అందరూ తనవైపే చూస్తున్నట్టు అనిపించింది అతనికి. నిజానికి ఎవరూ చూడలేదు.

"అవ్వా, వాన పడితే నేనేం చెయ్యను?" అన్నాడు.

"వాన మీద నాకేం కోపం లేదు నాయనా. అది ఎప్పుడూ పడేదే."

"మడి పోతే పోయింది. నువ్వూ బాట పక్కన కొట్టు పెట్టుకో. అందరూ బాగుపడ్డారుగా. నేనే పందిరి వేసిస్తాను, మంచి చోటు చూసి."

ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏం అమ్మమంటావు కొట్టులో? ఎండుద్రాక్షేగా? పై మడి పోతే ఈ ఏడు నాది పోతుంది. వచ్చే ఏడు నా కిందివాడిది. తర్వాత వాడి కిందివాడిది. అప్పుడేం అమ్ముతారు, నీ అరుగు మీంచి కనిపించే బండలా?"

తాహెర్ బాబా వైపు తిరిగాడు. "మీరే చెప్పండి బాబా. వందలమంది దేవుడి మాట వింటున్నారు. ఒక్క మడి పోయింది. ఇందులో నా తప్పుందా?"

బాబా మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. గోడకు వేలాడుతున్న పాత వీపుబుట్ట ఒకటి తీసి, దుమ్ము దులిపి, ఆశ్రమం వెనక్కి నడిచాడు.

బుట్ట కడగడానికి పోతున్నాడనుకున్నాడు తాహెర్. కాసేపటికి వెనకనుంచి మట్టి గీరిన చప్పుడు వినిపించింది. అతను పరిగెత్తాడు.

ఆశ్రమం వెనక బండలో బాబా తన సమాధి గుంత ముందే తొలిపించి పెట్టుకున్నాడు. ఆ కొండ మీద చచ్చినవాణ్ణి కప్పడానికి కూడా మట్టి కిందనుంచే రావాలి. బాబా మీద కప్పడానికి గుంత పక్కనే చిన్న పాక కింద మట్టి కుప్ప పోసి ఉంది. శిష్యుడిగా చేరిన కొత్తలో తాహెర్ చేసిన మొదటి సేవ అదే. ఒక్కడే మోశాడు. రాళ్ళు ఏరి, జల్లెడ పట్టి, మెత్తగా చేసి మరీ పోశాడు.

బాబా ఆ కుప్ప ముందు కూర్చుని దోసిళ్ళతో మట్టి తీసి బుట్టలో వేసుకుంటున్నాడు.

"బాబా! అది మీ సమాధి మట్టి!"

"తెలుసు."

"నేను మోసుకొచ్చిన మట్టి!"

"అందుకే కాబోలు ఇంత బరువు" అన్నాడు బాబా, బుట్ట ఒకసారి ఎత్తి చూసి.

"ఇలా ఇవ్వండి, నేను తీసుకెళ్తాను. ఎక్కడ పొయ్యాలో చెప్పండి."

బాబా బుట్ట వదల్లేదు. "నువ్వు పో. యాత్రికులు ఎదురు చూస్తున్నారు."

"మీరు మొయ్యడమేంటి? తప్పు నాదైతే నన్ను మొయ్యనివ్వండి."

"నీ బాట ఎక్కినవాళ్ళు ఎవరి దగ్గరికి వచ్చారు తాహెర్?"

బాబా బుట్ట తాళ్ళు భుజాలకు తగిలించుకుని, ముందుకు వంగి, ముసలామె వెనక పై మడి వైపు నడిచాడు. ఆశ్రమం నుంచి పై మడికి వెళ్ళాలంటే మెట్లదారి మీద కొంత దిగి మళ్ళీ ఎక్కాలి. ఆ ఎక్కుడు కుర్రవాళ్ళకే కష్టం.

తాహెర్ కిందికి దిగి యాత్రికుల్ని కలుసుకున్నాడు. ఆ రోజు వచ్చినవాళ్ళలో ఒక తివాచీల వర్తకుడు ఉన్నాడు. మంచివాడే. ప్రతి మలుపు దగ్గరా ఆగి దేవుడి గొప్పతనం తలుచుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. అరుగు దగ్గరికి రాగానే వాన కాస్త తెరిపిచ్చింది. మబ్బు చీలి ఒక వెలుగు చార మెట్లదారి మీద పడింది.

"అదిగో, అటు చూడండి!" అన్నాడు వర్తకుడు.

దూరంగా మెట్ల మీద వంగిపోయిన ఒక మనిషి. వీపు మీద బుట్ట. రెండు మెట్లెక్కి ఆగుతున్నాడు, మళ్ళీ ఎక్కుతున్నాడు.

"ఆహా, ఎంత బాగుంది! నాకు తివాచీ నేసేవాళ్ళున్నారు, అచ్చం ఇలాగే నేయించి గోడకు వేలాడదీస్తాను. ఆ బుట్ట, ఆ వంగిన నడుం... ఈ లోయకే అందం వచ్చింది. ఎవరతను?"

తాహెర్ బాట మీది రాయి ఒకటి కాలితో పక్కకు నెట్టాడు.

"పాపం, ఎవరో కూలివాడయ్యుంటాడు" అన్నాడు ఇంకొకడు.

"సర్లే, మనకు ఆలస్యమవుతోంది" అన్నాడు వర్తకుడు. "బాబాగారి దర్శనం ఎప్పుడు దొరుకుతుంది బాబూ?"

తాహెర్ ముందు నడిచాడు. వెనక్కి తిరిగితే వాళ్ళకు తన ముఖం కనబడుతుందని తిరగలేదు.

కుప్ప అయిపోయేదాకా బాబా మోస్తూనే ఉన్నాడు. వానలోనూ మోశాడు. తాహెర్ కాళ్ళ మీద పడ్డాడు, అలిగాడు, అన్నం మానేశాడు. బుట్ట దాచాడు కూడా. బాబా పైపంచెలో మూట కట్టుకుని మోశాడు. పాక కింద నేల ఊడ్చినట్టయిన రోజున వచ్చి మంచం మీద వాలాడు, మళ్ళీ లేవలేదు. దగ్గు పట్టుకుంది. ఛాతీలో గాలి ఈల వేసినట్టు వచ్చేది.

ఆ మట్టి అంతా కలిపి పై మడిలో ఒక మూలకు చాలింది. ఆ మూలన కొన్ని తీగల వేళ్ళు మళ్ళీ కప్పింది మెహ్రబానో. అంతే. మిగతా మడి అంతా బండే.

ఒక మధ్యాహ్నం తాహెర్ బాబా కాళ్ళు ఒత్తుతూ అడగలేక అడిగాడు.

"మీ మీద ఏం కప్పను బాబా?"

"రాళ్ళు లేవూ? ఈ కొండకు రాళ్ళ కరువా?"

"నక్కలున్నాయి."

"చలికాలం కదా, వాటికీ తిండి దొరకదు" అని బాబా దగ్గుతూనే నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

తాహెర్ ఏడ్చాడు. "ఆ బాట తవ్వి పారేస్తాను. రేపే తవ్వేస్తాను."

"బాట ఏం చేసింది రా?"

బాబా నోటి నుంచి అతను విన్న ఆఖరి మాట అదే.

బాబాను గుంతలో దించారు. మీద బండలు పేర్చారు. వానలో నది ఒడ్డుకు దిగి మట్టి తెస్తామని ఒకరిద్దరు అన్నారు గానీ, అన్నవాళ్ళు అనడంతోనే సరిపెట్టుకున్నారు. నాలుగు మాటలు మంచిగా చెప్పి, బాట పట్టుకుని దిగిపోయారు. మరునాడు పొద్దున తాహెర్ వెళ్ళి చూస్తే బండల సందుల దగ్గర గోళ్ళతో గీరిన గుర్తులున్నాయి. ఒక చిన్నరాయి పక్కకు దొర్లి ఉంది. దాన్ని మళ్ళీ సర్దాడు.

అతను నది ఒడ్డుకు దిగాడు. చితికిన బుట్టల్లోంచి కాస్త గట్టిదాన్ని వెతికి, తాడుతో బిగించి, తడి మట్టి నింపాడు. తడి మట్టి ఎంత బరువుంటుందో మోసినవాడికే తెలుసు. పక్కన మెత్తటి బాట ఉన్నా అటు చూడలేదు. మెట్లెక్కాడు. తాళ్ళు భుజాల్లోకి దిగాయి. బుట్ట అడుగునుంచి పసుపు నీళ్ళు కారి నడుం మీదుగా, కాళ్ళ మీదుగా జారాయి. ఎక్కడా దించలేదు. దించితే మళ్ళీ ఎత్తుకోలేనని తెలుసు.

కొండ మీద మెట్లదారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు పోతే ఆశ్రమం, బాబా సమాధి. కుడివైపు పోతే పై మడి. పొద్దు వాలుతోంది. పడమటి కొండ నల్లబడింది, పెద్దవాన వచ్చేలా ఉంది.

ఎడమవైపు నుంచి తివాచీల వర్తకుడు ఎదురొచ్చాడు. బాబా పోయారని తెలిసి మళ్ళీ వచ్చాడు. వెనక ఇంకా కొంతమంది ఉన్నారు. అందరూ ఖాళీ చేతులతో ఉన్నారు. అతని కళ్ళు వాచి ఉన్నాయి. ఏడుపు దొంగ ఏడుపు కాదు.

"సిగ్గులేదటయ్యా నీకు? అంతటి మహానుభావుణ్ణి రాళ్ళ కింద పడేస్తావా? నక్కలు గీరాయి, చూశావా? ఈ రాత్రి వచ్చాయంటే..." అంటూనే తాహెర్ వీపు మీద బుట్ట చూశాడు. "హమ్మయ్య, మట్టి తెచ్చావా! రా నాయనా, ఇటు రా. తొందరగా రా. సందులు మూసేద్దాం."

కుడివైపు మెహ్రబానో తన గట్టు మీద కూర్చుని ఉంది. బాబా పోసిన మూలన గట్టు రాయి ఒకటి జారిపోయింది. ఆ ఖాళీలోంచి మట్టి పిడికెళ్ళు పిడికెళ్ళుగా కిందికి రాలుతోంది. రెండు అరచేతులూ అడ్డం పెట్టి ఆపుతోంది. రాత్రి వానకు ఆ చేతులు ఆగవు. తాహెర్ తనవైపు చూడడం చూసి గట్టిగా అంది:

"ముందు ఆయన మీద వెయ్యి నాయనా. తీగలకేముంది, చస్తే చస్తాయి."

చేతులు మాత్రం తియ్యలేదు.

ఇంకో బుట్ట తెస్తే సరిపోదా అంటారు. సరిపోదు. కిందికి దిగి మళ్ళీ ఎక్కేసరికి చీకటి పడుతుంది. నక్కలు చీకటి కోసం చూస్తాయి, వాన చీకటి కోసం కూడా చూడదు. సగం అక్కడ, సగం ఇక్కడ అంటారు. సగం బుట్టతో సందులూ మూయలేరు, గట్టూ ఆపలేరు. మోయనివాళ్ళకు ఇలాంటి ఉపాయాలు బోలెడు తోస్తాయి.

తాహెర్ రెండు దారులూ చీలేచోట నిలబడ్డాడు. తొలి చినుకులు బుట్టలోని మట్టి మీద పడ్డాయి. వర్తకుడు చేయి చాచి పిలుస్తున్నాడు. ముసలామె పిలవడం లేదు. అడగడానికి గురువు లేడు.

మీరైతే ఆ బుట్ట ఎక్కడ దించుతారు?